బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూశారా? అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, ఊబకాయం: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. "మేడమ్, మేం బయట తిండి ముట్టుకోమండి, అయినా పాప లావవుతోంది" అంటూ మొన్న ఒకావిడ వచ్చారు. బడి నుంచి రాగానే ఏం పెడతారని అడిగితే బ్యాగులోంచి డైజెస్టివ్ బిస్కెట్ల ప్యాకెట్ తీశారు. గోధుమవే కదా అన్నది ఆవిడ ధైర్యం. వెనక్కి తిప్పి చదవమన్నాను. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది మన దేశంలో నిబంధన. మొదట మైదా, తర్వాత పామాయిల్, చక్కెర, ఆ తర్వాత ఎప్పటికో గోధుమపిండి, చివర్లో ఎమల్సిఫయర్లు (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచేవి), ఫ్లేవర్లు. ఆవిడ ఇంకోసారి చదువుకున్నారు.

అపోహ: ప్యాకెట్లో వచ్చేదంతా చెడ్డదే.
కాదండీ. ప్యాకెట్ పాలు, ప్యాకెట్ కందిపప్పు అల్ట్రా ప్రాసెస్డ్ కావు. మన వంటింట్లో ఎప్పుడూ ఉండని ఎమల్సిఫయర్లు, రంగులు, ఫ్లేవర్లతో ఫ్యాక్టరీలో తయారయ్యే వాటినే అల్ట్రా ప్రాసెస్డ్ అంటాం, నేను చెప్పేది వాటి గురించే.

అపోహ: క్యాలరీలు లెక్క చూసుకుంటే చాలు, ఏది తింటే ఏంటి?
ఎక్కువమంది పట్టుకుని వదలని మాట ఇదే. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 20 మందిని నెల రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. వడ్డించిన భోజనాల్లో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా చూసి, కావలసినంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ తిండి పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు 900 గ్రాములు పెరిగారు. మామూలు వంట తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. 20 మందే, నెల రోజులే, నిజమే. కానీ అందులో ఇంకో సంగతి కూడా తేలింది, వాళ్లు ఆ తిండిని గబగబా తినేశారు. నమలాల్సిన పని లేకుండా మెత్తగా జారిపోయే తిండి, కడుపు నిండిందని మెదడుకు తెలిసేలోపే లోపలికి వెళ్లిపోతుంది.

అపోహ: ఇది అమెరికా గోల, మనకెందుకు?
2024లో మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ వీటిని బాగా తగ్గించమనే ఉంది.

అపోహ: అయితే మిర్చి బజ్జీ తినొచ్చన్నమాట!
బజ్జీ అల్ట్రా ప్రాసెస్డ్ కాదు, కానీ నూనె నూనే. ఎప్పుడైనా ఒకటి తినండి, రోజూ సాయంత్రం బండి దగ్గర నిలబడకండి.

ఆవిడకు బిస్కెట్లు మాన్పించి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్టుతోనే గుప్పెడు పెట్టమన్నాను. ఒక్కొక్కటీ ఒలుచుకుని తినాలి కాబట్టి పాప మెల్లగా తింటుంది.