చెరువు కట్టొచ్చు, తూము తెరవలేం: సివిలైజేషన్ మాడింగ్ గొడవ వెనుక కథ

రాజ్యాలను కట్టి నడిపే కంప్యూటర్ గేమ్ సివిలైజేషన్ 7కి పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. పాత మాడ్‌లు, అంటే ఆటగాళ్లు సొంతంగా రాసి గేమ్‌కు జతచేసే మార్పులు, కొన్ని పనిచేయడం మానేస్తాయి. రాసినవాళ్లు తమ ఉద్యోగాలు, పరీక్షల మధ్య కూర్చుని వాటిని సరిచేస్తారు. ఆడేవాళ్లు మళ్లీ అదే మాట అడుగుతారు: గేమ్ కోర్‌ను, అంటే గేమ్ నియమాలనూ కంప్యూటర్ ఆలోచననూ నడిపే లోపలి సోర్స్ కోడ్‌ను, ఎందుకు తెరవరు? ఇప్పుడు మళ్లీ రాజుకున్నదీ ఆ ప్రశ్నే. 1991లో గేమ్ డిజైనర్ సిడ్ మెయర్‌తో మొదలైన ఈ సిరీస్ పుట్టుపూర్వోత్తరాలు ఆడేవాళ్లందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. ఇవాళ్టి కోపానికి వేరు 2016 తర్వాతి అయిదేళ్లలో ఉంది.

వరంగల్ వాళ్లకు ఇందులో ఏం పని అంటే, ఉంది. ఈ సిరీస్‌లో ఇండియా అంటే మొదటి నుంచీ గాంధీ. ఆరో గేమ్‌కు 2018లో చంద్రగుప్తుడు వచ్చాడు. ఏడో గేమ్‌లో మౌర్యులు, చోళులు, మొఘలులు ఉన్నారు, కాకతీయులు లేరు. రుద్రమదేవిని స్క్రీన్ మీద చూడాలంటే ఎవరో ఒకరు మాడ్ రాయాల్సిందే. కాబట్టి మాడింగ్ మనకు సరదా కోసం చేసే అదనపు హంగు కాదు, గేమ్‌లోకి అడుగుపెట్టడానికి ఉన్న ఒకే ఒక్క దారి.

హన్మకొండలో ఒక కుర్రాడు ఆరో గేమ్‌కు కాకతీయుల మాడ్ రాస్తున్నాడనుకుందాం. పేరు, రంగు, రాజధాని ఓరుగల్లు, ఇవన్నీ ఒక సాయంత్రం పని. తర్వాత వాడికి చెరువు కావాలి. రామప్ప, పాకాల, లక్నవరం చూస్తూ పెరిగినవాడు చెరువు లేకుండా కాకతీయులను ఊహించలేడు. 2015లో ఊరూరా పూడిక తీసిన పథకానికి కూడా మిషన్ కాకతీయ అనే కదా పేరు పెట్టారు. గేమ్ వివరాలు రాసి ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో కొన్ని వరుసలు చేర్చి, చెరువుకు రెండు పాళ్ల తిండి, పక్కన ఇంకో చెరువు ఉంటే మరొకటి అని రాస్తాడు. ఒక్క ట్యాగ్ మూయడం మరిచిపోతే మాడ్ లోడ్ కాదు. డేటాబేస్ లాగ్ తెరిచి తప్పు ఏ వరుసలో ఉందో వెతుక్కుంటాడు. చివరికి చెరువు వస్తుంది. వాడు ఆడితే గొలుసుకట్టుగా ఒకదాని కింద ఒకటి కడతాడు, పంట పండుతుంది.

అదే రాజ్యాన్ని కంప్యూటర్ చేతికి ఇస్తే కథ మారుతుంది. చెరువు ఎక్కడ కట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత అనే ఆలోచన ఎక్స్‌ఎంఎల్‌లో ఉండదు, కోర్‌లో ఉంటుంది. మాడర్ బయటి నుంచి ‘దీని మీద కాస్త ఎక్కువ ఇష్టం చూపించు’ అని అంకెలు మార్చగలడు. లువా స్క్రిప్టులు అనే చిన్న ప్రోగ్రాములతో ఇంకొంత అల్లగలడు. కానీ గొలుసుకట్టు అంటే ఏమిటో కంప్యూటర్‌కు నేర్పలేడు. నేర్పాలంటే సోర్స్ చేతిలో ఉండాలి.

ఒకప్పుడు ఉండేది. 2005లో వచ్చిన నాలుగో గేమ్‌కు మరుసటి ఏడాదే కోర్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టారు. 2007లో దాని ఎక్స్‌పాన్షన్ బియాండ్ ద స్వోర్డ్ వచ్చేసరికి ఆటగాళ్లు రాసిన రైజ్ (Rhye's) అండ్ ఫాల్ ఆఫ్ సివిలైజేషన్ లాంటి మాడ్‌లను గేమ్ తయారుచేసే ఫిరాక్సిస్ కంపెనీ డబ్బాలోనే పెట్టి అమ్మింది. అయిదో గేమ్ 2010లో వచ్చింది, దాని సోర్స్ 2012లో దొరికింది. ఆటగాళ్లు ఆ సోర్స్ పట్టుకుని కంప్యూటర్ ఆలోచించే తీరును తిరగరాశారు. వోక్స్ పాపులై అనే మాడ్ అలా పుట్టిందే. దాన్ని ఆడినవాళ్లు మామూలు అయిదో గేమ్‌కు తిరిగి వెళ్లడం కష్టం. డబ్బు తీసుకోకుండా ఏళ్ల తరబడి చేసిన పని అది.

ఆ అలవాటు మీదే 2016 అక్టోబరులో ఆరో గేమ్ కొన్నారు. 2017లో మాడింగ్ టూల్స్, మాడ్‌లు పంచుకునే చోటైన స్టీమ్ వర్క్‌షాప్ వచ్చాయి. ఇక సోర్సే తరువాయి అనుకున్నారు. 2018లో ఒక ఎక్స్‌పాన్షన్, 2019లో గ్యాదరింగ్ స్టార్మ్, 2020లో న్యూ ఫ్రాంటియర్ పాస్ వచ్చాయి. 2021లో పాస్ ముగిసింది, సోర్స్ రాలేదు. మలుపు అంటే నా దృష్టిలో ఇదే. పెద్ద ప్రకటన ఏదీ చేయకుండా తలుపు వేశారు, అది మూసుకుపోయిందని అర్థం కావడానికి ఆటగాళ్లకు అయిదేళ్లు పట్టింది. ఈ మధ్యలో ఎంతమంది ‘ఇవాళో రేపో వస్తుంది’ అని సగం రాసిన మాడ్‌లను పక్కన పెట్టుకుని కూర్చున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

సోర్స్ తెరిస్తే మల్టీప్లేయర్‌లో మోసాలు పెరుగుతాయనీ, బయటి కంపెనీల కోడ్‌కు లైసెన్స్ చిక్కులు ఉంటాయనీ ఒక వాదన ఉంది. నాలుగు, అయిదు గేమ్‌లప్పుడూ ఆ చిక్కులు ఉన్నాయి.

ఏడో గేమ్ 2025 ఫిబ్రవరి 11న వచ్చింది, వర్క్‌షాప్ లేకుండానే. ఇంటర్‌ఫేస్ బాగాలేదని మొదటి వారంలోనే గోల మొదలైతే, మరమ్మతు మాడ్‌లు రాసి పంచింది మళ్లీ ఆటగాళ్లే. వర్క్‌షాప్ ఆ తర్వాత నెలలకు వచ్చింది. మన కుర్రాడికి మాత్రం ఇప్పుడు పని పెరిగింది. విడుదలైనప్పుడు ఈ గేమ్‌లో కాలం మూడు యుగాలు, యుగం మారితే రాజ్యం మారాల్సి వచ్చేది. కాకతీయులు మధ్య యుగానికి చెందుతారు కాబట్టి, తన మాడ్ ఫైల్‌లో ఏ యుగంలో ఏది లోడ్ కావాలో విడిగా రాయాలి. ముందు మౌర్యులో ఇంకొకరో, తర్వాత మొఘలులో ఇంకొకరో. అంత చేశాక కూడా ప్రతాపరుద్రుడిని కంప్యూటర్ ఆడితే, చెరువు కింద చెరువు ఎందుకు కట్టాలో దానికి చెప్పే చోటు లేదు.

అప్‌డేట్ కింద ఇప్పుడు కోపంగా రాస్తున్నవాళ్లు కొత్త వరం ఏమీ అడగడం లేదు. 2012లో ఇచ్చిందే అడుగుతున్నారు.