చిన్న రేవులో తెరచాప పడవ: అపోహలు – వాస్తవాలు

అపోహ: కొండల చాటునున్న రేవులోకి చేరితే గండం గడిచినట్టే.

వాస్తవం: అక్కడ కాపు దొరికేది అలల నుంచే గాని గాలి నుంచి కాదు. కొండ పక్కన గాలి ఒక్కసారిగా పడిపోయి, మరుక్షణం మరో దిక్కు నుంచి విసురుగా దిగుతుంది. అందుకే తాళ్లు, ఫెండర్లు (పడవ పక్కలు జెట్టీకి రాసుకోకుండా వేలాడదీసే మెత్తలు), లంగరు బయటి విశాలమైన నీటిలోనే సిద్ధం చేసుకుని, ఇంజిన్ పనిచేస్తున్నదని చూసుకున్నాకే లోపలికి రావాలి. ఆటు నీరు బయటికి పరుగెడుతూ, సముద్రపు గాలి దానికి ఎదురు వీస్తుంటే రేవు ముఖంలో అలలు నిటారుగా లేచి విరుగుతాయి. అప్పుడు లోపల నీరు ఎంత నిశ్చలంగా కనిపించినా బయటే ఆగడం మేలు.

అపోహ: తెరచాప పడవకు అందరూ దారి ఇవ్వాలి.

వాస్తవం: 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లోని 9వ నియమం ప్రకారం, ఇరుకైన కాలువలో తప్ప సురక్షితంగా సాగలేని ఓడకు మనం అడ్డు రాకూడదు.

అపోహ: లంగరు బరువే పడవను పట్టి ఉంచుతుంది.

వాస్తవం: పట్టు వచ్చేది లంగరు కొన నేలలో దిగడం వల్ల, అది దిగాలంటే గొలుసు దాన్ని పైకి ఎత్తకుండా నేల వెంబడి లాగాలి. సాధారణ వాతావరణంలో లోతుకు 5 రెట్లు గొలుసు వదులుతాం, తాడైతే 7 రెట్లు. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. నీరు 4 మీటర్లుంటే 20 మీటర్లు చాలనుకుంటారు. కానీ పోటుకు మరో 2 మీటర్లు పెరుగుతుందనీ, పడవ ముందుభాగం నీటికి 1 మీటరు ఎత్తులో ఉందనీ అనుకుంటే లెక్కించవలసిన లోతు 7 మీటర్లు, వదలవలసిన గొలుసు 35 మీటర్లు. ఇంత గొలుసుతో పడవ తిరిగే వలయం కూడా పెద్దదవుతుంది కాబట్టి పొరుగు పడవలకు ఎడం చూసుకోవాలి. గొలుసును కుప్పగా పోయకుండా, పడవ వెనక్కి జరుగుతుండగా పరిచి, చివర ఇంజిన్‌ను నెమ్మదిగా వెనక్కి నడపాలి. ఆ సమయంలో బిగిసిన గొలుసుపై అరచేయి ఆనించి చూడండి: లంగరు జారుతుంటే గరగరమనే అదురు చేతికి తెలుస్తుంది, నాటుకుంటే గొలుసు నిశ్చలంగా ఉంటుంది. నాకు ఏ పరికరం కన్నా ఈ స్పర్శ మీదే నమ్మకం ఎక్కువ.

అపోహ: జెట్టీకి తాళ్లు ఎంత బిగిస్తే అంత భద్రం.

వాస్తవం: నిండు పోటులో బిగించిన పొట్టి తాడుకు ఆటులో పడవ వేలాడుతుంది, కట్టుకొయ్య ఊడిరావచ్చు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు పొడవుగా వాలుతాళ్లు కడితే పడవ నీటితోపాటు లేచి దిగుతుంది. ఆటు మొదలైన గంటకు మళ్లీ వచ్చి ప్రతి తాడునూ చేత్తో పట్టి చూడాలి.