గుర్రం కాలికి వాతల నుంచి మూలకణాల దాకా

విశాఖ ఆర్.కె. బీచ్‌లో సాయంత్రం పూట స్వారీకి నిలబెట్టిన గుర్రాల దగ్గర అందరి కళ్లూ మెడలోని పూసల మీదో, జీను మీద కూర్చున్న పిల్లల మీదో ఉంటాయి. గుర్రం కుంటుతోందా లేదా తెలియాలంటే మాత్రం దాని తలను చూడాలి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలకు ఆనగానే తల పైకెత్తుతుంది, బాగున్న కాలు ఆనినప్పుడు దించుతుంది. నొప్పి ఉన్న కాలి మీద భారం తగ్గించుకునే ఉపాయం అది. మామూలు నడకలో ఈ తేడా దొరక్కపోవచ్చు. గట్టి నేల మీద చిన్నగా పరిగెత్తిస్తే బయటపడుతుంది. మెత్తటి ఇసుకలో మొదలైన కుంటు చాలాసార్లు ఇంటిదారి పట్టి రోడ్డెక్కాక గాని యజమాని కంట పడదు.

గుర్రం ముందుకాలి మధ్యలో మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టుకు సమానమైన కీలు. దాని కిందిదంతా చెయ్యి. అందులోనూ మిగిలింది ఒక్క మధ్యవేలే, గిట్ట దాని గోరు. నాలుగైదు వందల కిలోల జంతువు నాలుగు గోళ్ల మీద పరిగెడుతోందన్నమాట. బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్లే మోస్తాయి. దౌడులో ఒక్కో క్షణం ఒకే కాలి మీద శరీర బరువుకు రెండున్నర రెట్ల భారం పడుతుంది. ఇంత పని చేసే ఆ మణికట్టు కింద చెప్పుకోదగ్గ కండ లేదు. ఎముక, దాని వెనకే సస్పెన్సరీ లిగమెంటు అనే గట్టి పట్టీ, ఆ వెనక పైనుంచి దిగివచ్చే రెండు టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు. అంతే.

ఆ రెండింటిలో చర్మానికి దగ్గరగా ఉండే టెండన్ దౌడులో ప్రతి అడుగుకూ సాగి, వెనక్కి లాగుకుంటూ గుర్రానికి శక్తి ఆదా చేస్తుంది. పూర్తి వేగంలో అది పది శాతానికి మించి, ఒక్కోసారి 16 శాతం దాకా సాగుతుందని కొలిచారు. ఇంకొంచెం సాగితే తెగడమే. పైగా సాగి ముడుచుకున్నప్పుడల్లా కొంత శక్తి వేడిగా మారి లోపలే నిలిచిపోతుంది. పరిగెత్తే గుర్రం టెండన్ నడిమధ్యలో 45 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి నమోదైంది. అక్కడి కణాలు ఈ వేడిని ఏళ్ల తరబడి భరిస్తాయి, వయసుతో పాటు కొద్దికొద్దిగా ఓడిపోతాయి. అందుకే గాయం సాధారణంగా నడిమధ్యలో మొదలవుతుంది. పైపోగులు బాగానే ఉండి లోపల చివికిన కొబ్బరితాడును ఊహించుకోండి. అల్ట్రాసౌండ్ స్కానులో తెల్లగా మెరిసే టెండన్ మధ్య ఒక నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ నలుపే తెగిన పోగులు, చేరిన నీరు, నెత్తురు.

దీనికి శతాబ్దాల పాటు చేసిన వైద్యం వాతలు పెట్టడం. ఎర్రగా కాల్చిన ఇనుముతో కాలి చర్మాన్ని గీతలు గీతలుగా కాల్చేవారు. మన పల్లెల్లో ఎద్దులకు, ఆవులకు చేసినదే ఇంగ్లండులో ఖరీదైన రేసు గుర్రాలకూ చేశారు. వాపు పెరిగితే నెత్తురు చేరి గాయం మానుతుందని నమ్మకం. 1983లో బ్రిటిష్ పరిశోధకులు వాత పెట్టిన గుర్రాలనూ పెట్టనివాటినీ పోల్చి చూసి, వాతల వల్ల ప్రయోజనం లేదని తేల్చారు. 1991లో అక్కడి పశువైద్యుల మండలి ఆ పద్ధతిని అనైతికమని ప్రకటించింది. నా ఉద్దేశంలో వాతల పేరు అంతకాలం నిలవడానికి కారణం వేరే. వాతలు పెట్టిన గుర్రం నెలల తరబడి పనికి వెళ్లలేదు. మేలు చేసింది విశ్రాంతి, పేరు ఇనుముకు వచ్చింది.

టెండన్ దానంతట అది మానదా అంటే మానుతుంది, కాకపోతే పుండు మానాక మిగిలే లాంటి మచ్చ కడుతుంది. మామూలు టెండన్‌లో ఒకటో రకం కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు బారులు తీరి ఉంటాయి. మచ్చలో మూడో రకం కొల్లాజెన్ ఎక్కువ, అదీ చిందరవందరగా. మచ్చ బలంగానే ఉంటుంది గాని సాగదు. అది సాగని మేరకు పక్కనున్న మంచి పోగులు ఎక్కువ సాగాలి. కాబట్టి రెండోసారి తెగేది తరచుగా మచ్చ పక్కనే. పునరుత్పత్తి వైద్యం అని పిలుస్తున్న చికిత్సల గురి ఇక్కడే: మచ్చకు బదులు టెండన్ లాంటి టెండన్‌ను కట్టించడం.

వాటిలో తేలికైనది పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. జుట్టు రాలుతోందనో, మోకాళ్లు నొప్పులనో క్లినిక్కులకు వెళ్లినవారికి ఈ పేరు కొత్త కాదు. గుర్రం మెడ దగ్గరి సిరలోంచి నెత్తురు తీసి, యంత్రంలో గిరగిర తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని వేరుచేసి, స్కానులో చూసుకుంటూ ఆ నల్లమచ్చలోకి సూదితో ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లలోని పెరుగుదల కారకాలు కణాలను పనికి పురికొల్పుతాయి. తయారీ పద్ధతిని బట్టి ప్లేట్‌లెట్ల చిక్కదనం, తెల్లకణాల వాటా మారిపోతాయి కాబట్టి ఫలితాలూ ఒక్కతీరుగా రాలేదు.

వేరే రకం కణాలుగా మారగల మూలకణాల కథ ఇంకా పెద్దది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీలో రోజర్ స్మిత్ బృందం 2003లో ఈ పద్ధతిని ప్రకటించింది. గుర్రం రొమ్ము ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను ప్రయోగశాలలో సుమారు మూడు వారాలు పెంచి, కోటి కణాల చొప్పున అదే గుర్రం టెండన్‌లోకి ఎక్కించారు. 2012లో ఈ చికిత్స పొందిన 141 రేసు గుర్రాల లెక్క వచ్చింది. తిరిగి గాయపడినవి సుమారు 27 శాతం. మామూలు చికిత్సతో అంతకు ముందు నమోదైన లెక్కలలో సగం దాకా తిరిగి గాయపడ్డాయి. ఆశ పుట్టించే అంకెలే, కానీ పక్కనే చికిత్స లేని గుర్రాల గుంపును పెట్టి పోల్చినవి కావు. ఆ లోటు కొంత తీర్చింది 2013 నాటి ప్రయోగం. 12 గుర్రాలలో సగానికి కణాలు, సగానికి ఉప్పునీరు ఎక్కించి ఆరు నెలల తర్వాత చూస్తే, కణాలు పొందిన టెండన్లు మామూలు టెండన్‌కు దగ్గరగా ఉన్నాయి. విచిత్రమేమిటంటే ఎక్కించిన కణాలలో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే కనిపించకుండా పోతాయి. అవే టెండన్‌గా మారతాయన్న తొలి ఊహ నిలవలేదు. అవి విడుదల చేసే రసాయన సంకేతాలు వాపును అదుపు చేసి, స్థానిక కణాలను నడిపిస్తాయని ఇప్పటి అవగాహన.

కీళ్ల విషయం వేరు. కీలులో ఎముకల కొనలను కప్పే మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, అరిగింది తిరిగి రావడం దాదాపు లేదు. అక్కడ వైద్యుల ప్రయత్నం ఎక్కువగా అరుగుదలను ఆపడమే. గుర్రం నెత్తురును గాజుపూసలతో కలిపి 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే ఇంటర్‌ల్యూకిన్-1 అనే వాపు కారకానికి అడ్డుపడే ప్రొటీన్ పెరుగుతుంది. ఆ నెత్తురులోంచి వేరుచేసిన పలుచటి ద్రవాన్ని, అంటే సీరమ్‌ను, కీలులోకి ఎక్కిస్తారు. ఐరోపాలో 2019లో కీళ్ల కుంటుకు మొదటి మూలకణ ఔషధానికి అనుమతి వచ్చింది. దాత గుర్రం నెత్తురులోంచి తీసిన కణాలతో సిద్ధంగా ఉంచే మందు అది.

ఇంత చెప్పాక సూది గురించే మాట్లాడటం అన్యాయం. లండన్ బృందం చికిత్సలో సూది ఒక్క పూట పని. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు లెక్క ప్రకారం వ్యాయామం చేయించాలి. మొదట చేత్తో పట్టుకుని నడిపించడం, అదీ రోజుకు కొద్ది నిమిషాలే. వారాలు గడిచేకొద్దీ పెంచుతూ, మూడు నెలలు దాటాక చిన్న పరుగు. కొత్త పోగులు లాగుడు పడిన దిశలోనే బారులు తీరతాయి కాబట్టి ఈ నడక కూడా చికిత్సే. ఏడాది ఓపిక లేకుండా ఇంజెక్షన్ మాత్రం కొట్టించడం పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. నొప్పి మాత్రలతో కుంటును కప్పిపెట్టడం అంతకన్నా చెడ్డది. నొప్పి తెలియని గుర్రం తెగిన కాలి మీద పూర్తి బరువు వేస్తుంది.

బీచ్ గుర్రం యజమానికి ఏడాది సెలవు ఇవ్వడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన కూటికీ, గుర్రం ఉలవలకూ ఆధారం ఆ స్వారీలే. అయినా చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పొడి, లోతు ఇసుకలో గిట్ట దిగబడి టెండన్లకు శ్రమ పెరుగుతుంది. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుకలో అంత ఉండదు. ఇంగ్లండులో గ్రాండ్ నేషనల్ పందేన్ని 1973, 1974, 1977లలో గెలిచిన రెడ్ రమ్ అనే గుర్రం గిట్ట ఎముక జబ్బుతోనే సౌత్‌పోర్ట్ సముద్ర తీరంలో సాధన చేసింది. జీను వేసే ముందు రెండు ముందుకాళ్ల వెనక అరచేత్తో తడిమి పోల్చి చూడటానికి నిమిషం చాలు. ఒక కాలు వేడిగానో, ఉబ్బుగానో తోస్తే ఆ రోజే పని ఆపి చన్నీళ్లు పట్టాలి. పశువైద్యుణ్ణి వెంటనే పిలవాలి. గాయం ఎంతదో కొలిచే స్కాను మాత్రం వారం ఆగాక మరోసారి తీయించాలి. మొదటి రోజుల్లో ఆ నల్లమచ్చ ఇంకా పెరుగుతూనే ఉంటుంది.