నకలు కోసం పుట్టిన గీతలు

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో డ్రాయింగ్ బోర్డు, దానికి బిగించి గీతలు గీసే డ్రాఫ్టర్ ఇంకా అవసరమా అన్న వాదన ఇన్నేళ్లయినా తెగలేదు. ఉండాలనే వాళ్లు చేతికి, కంటికి ఒడుపు వస్తుందంటారు. తీసేయాలనే వాళ్లు కంప్యూటర్ మీద గీసే క్యాడ్‌లో పది నిమిషాల్లో అయ్యే పనికి ఒక పూటంతా పోతోందంటారు. బోర్డు మీద నేర్పే అలవాట్లన్నీ గీయడం కోసమే పుట్టాయని రెండు పక్షాలూ అనుకుంటాయి. వాటిలో చాలావరకు గీసినదానికి నకలు తీయడం కోసం పుట్టినవి.

ప్లాన్ గీయడం మాత్రం చాలా పాత విద్య. సుమారు 4,100 ఏళ్ల కిందట మెసొపొటేమియాలోని లగాష్‌ను ఏలిన గుదేయా రాతి విగ్రహం ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అతని ఒళ్లో పలక, దాని మీద గుడి ప్రహరీ ప్లాన్, పక్కనే కొలబద్ద, గీసే పుల్ల. విగ్రహానికి తల లేదు కానీ ప్లాన్ భద్రంగా ఉంది.

మనం ఇప్పుడు గీసే ప్లాన్ (పైనుంచి చూసిన రూపం), ఎలివేషన్ (ఎదురుగా చూసిన రూపం) జంటకు గణిత పద్ధతి ఏర్పరచినవాడు ఫ్రెంచ్ గణితవేత్త గాస్పార్ మోంజ్. 1760లలో ఫ్రాన్స్‌లోని మెజియేర్ సైనిక ఇంజనీరింగ్ బడిలో ఉన్నప్పుడు అతనికి కోట గోడల ఎత్తు తేల్చే పని అప్పగించారు. అంకెలతో చేస్తే బోలెడు సమయం పట్టే లెక్క అది. అతను గీతలతోనే తేల్చేశాడు. ఇంత త్వరగా అయ్యే పని కాదని పై అధికారి మొదట చూడనే లేదట. చూశాక మాత్రం దాన్ని సైనిక రహస్యం చేశారు. 1795లో గానీ మోంజ్ దాని మీద బహిరంగంగా పాఠాలు చెప్పలేదు.

అప్పటి డ్రాయింగులు చూడముచ్చటగా ఉండేవి. పెన్సిల్‌తో గీసి, సిరాతో దిద్ది, పైన నీటిరంగులు పూసేవారు. ఇత్తడికి పసుపు, పోత ఇనుముకు బూడిద, ఇలా రంగు చూస్తే లోహం తెలిసేది. చిక్కల్లా ఇంకో ప్రతి కావాలంటే మళ్లీ మొదటినుంచీ చేత్తో గీయాల్సిందే.

ఆ చిక్కు విప్పింది ఒక ఫొటో ప్రక్రియ. 1842లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ఎండ పడితే నీలంగా మారుతుందని చూపించాడు. అది డ్రాయింగ్ ఆఫీసులకు చేరడానికి మరో ముప్ఫై ఏళ్లకు పైగానే పట్టింది. వెలుగు దూరే ట్రేసింగ్ గుడ్డ మీద గీసినదాన్ని ఆ కాగితంపై పరిచి, అద్దం బిగించి, ఎండలో పెట్టి, నీళ్లలో కడిగేవారు. సిరా గీత అడ్డుపడ్డచోట తెలుపు, మిగతాదంతా నీలం. బ్లూప్రింట్ అన్న పేరు అలా వచ్చింది.

దాంతో పనంతా మారిపోయింది. రెండే రంగుల నకల్లో పసుపూ బూడిదా కనపడవు కాబట్టి లోహాన్ని తెలిపే పని ఏటవాలు గీతల హ్యాచింగ్‌కు పడింది. పెన్సిల్ గీత వెలుగును పూర్తిగా ఆపదు కాబట్టి సిరా తప్పనిసరైంది. ఆ సిరా పని కోసమే ట్రేసర్లు అనే వేరే ఉద్యోగమూ పుట్టింది. 19వ శతాబ్దం చివర్లో బ్రిటన్ ఓడల కార్ఖానాల్లో ఈ పనికి ఆడవాళ్లను తీసుకున్నారు.

వాళ్ల చేతిలో ఉండేది రూలింగ్ పెన్. రెండు సన్నని ఉక్కు రేకులు, పక్కన చిన్న స్క్రూ. స్క్రూ తిప్పితే రేకుల మధ్య సందు పెరుగుతుంది, గీత లావవుతుంది. ఆ సందులో సిరా చుక్క వేస్తారు. ఎక్కువైతే గీత మొదట్లోనే బొట్టు పడుతుంది, తక్కువైతే సగంలో తెగుతుంది. పెన్ను కాస్త లోపలికి వాలిందా, సిరా సెట్ స్క్వేర్ కిందికి పాకి రోజంతా చేసిన పని పాడవుతుంది. గుడ్డకున్న జిడ్డు పోవడానికి ముందే సుద్దపొడి చల్లి తుడిచేవారు. వంపులు ముందు, సరళరేఖలు తర్వాత అన్న నియమమూ ఇక్కడిదే. గీసిన వంపుకు తిన్నని గీత అతికించడం సులువు, తిన్నని గీతకు వంపు అతికించడం నరకం.

‘డ్రాయింగును స్కేలుతో కొలవొద్దు, రాసిన అంకెనే నమ్ము’ అనే హెచ్చరికకూ బలమైన కారణం ఈ బ్లూప్రింటే. నీళ్లలో తడిసి ఆరిన కాగితం ముడుచుకుంటుంది, గీత పొడవు మారుతుంది. కొలత మారినప్పుడు బొమ్మ తిరిగి గీయకుండా అంకె మాత్రం దిద్ది, దాని కింద గీత పెట్టే అలవాటు కూడా ఉండేది. నాకు తెలిసి ఈ వృత్తి నేర్పిన అతి తెలివైన జాగ్రత్త ఇదే.

1920లలో జర్మనీలో అమ్మోనియా ఆవిరితో పనిచేసే పొడి పద్ధతి వచ్చింది. తెల్ల కాగితం మీద ముదురు గీతలు, తడి లేదు, ముడతా లేదు. నల్లగా గీసిన పెన్సిల్ గీత కూడా దానికి సరిపోయేది. 1953లో వచ్చిన రోట్రింగ్ కంపెనీ రాపిడోగ్రాఫ్ పెన్ను సిరా పనిలోని టెన్షన్ సగం తగ్గించింది, ఒక్కో లావుకు ఒక్కో పెన్ను. తర్వాత ప్రామాణికమైన పెన్నుల లావులు 0.25, 0.35, 0.5, 0.7 మి.మీ. చూడండి, ప్రతిదీ ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ4, ఏ3, ఏ2 కాగితాల అంచులూ అదే లెక్కన పెరుగుతాయి. ఏ2 డ్రాయింగును ఏ3కి కుదిస్తే 0.5 గీత 0.35 అవుతుంది, ఆ నకలును అదే వరసలోని ఇంకో పెన్నుతో దిద్దొచ్చు. ఈ అంకెలు పుట్టింది కూడా నకలు అవసరంలోంచే.

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ కంప్యూటర్ తెర మీద బొమ్మ గీసే స్కెచ్‌ప్యాడ్ చూపించాడు, 1982 డిసెంబరులో ఆటోక్యాడ్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అప్పటికీ కాగితం కావాలంటే ప్లాటర్ అనే గీసే మిషన్ మీదే గీయించాలి. ప్లాటర్ చేతికి బిగించినదీ సిరా పెన్నే, కాస్త ఆరనిస్తే అదీ మూసుకుపోయేది. అర్ధరాత్రి దాకా మిషన్ పక్కన నిలబడి, గీత తెగిన చోట దాన్ని ఆపి, పెన్ను ఊడదీసి ఊపి, మళ్లీ బిగించిన వాళ్లలో చాలామంది నిన్నటిదాకా బోర్డు మీద పనిచేసినవాళ్లే.