టెస్టు అంటే జనం ఎందుకు దాక్కుంటారు? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

కోవిడ్ రోజుల్లో పల్లెటూరి పీహెచ్‌సీలో పనిచేసిన డాక్టర్‌ని. ఇందులో సగం అపోహలు జనానివి, మిగతా సగం మా శాఖవాళ్ళవే. ముందు మావాటితోనే మొదలుపెడతా.

అపోహ: అవగాహన లేకే టెస్టుకి రారు.

2020లో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆ దగ్గు కాలర్ ట్యూనే కదా వినిపించింది, ఇంకా అవగాహన లేదంటే ఎలా? జనం లెక్క వేసుకునే రాలేదు. పాజిటివ్ అని తేలితే రెండు వారాల కూలి పోతుంది, మేస్త్రి ఇంకొకర్ని పెట్టుకుంటాడు, పాల కేంద్రంలో మన పాలు పోయించుకోరు, అదే తేలకపోతే ఉత్త జ్వరం. ఈ లెక్క మారకుండా మైకులో ఎంత అరిచినా లాభం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్వారంటైన్ కేంద్రాల నుంచి ఇంటికి వెళ్ళే పేదలకి 2,000 రూపాయలు ఇవ్వాలని 2020లోనే నిర్ణయించారు. ఇంగ్లండ్‌లో కూడా అదే ఏడాది సెప్టెంబరులో ఐసొలేషన్ నియమం మీరితే 10,000 పౌండ్ల దాకా జరిమానా అన్నవాళ్ళే, తక్కువ ఆదాయం ఉండి పనికి వెళ్ళలేనివాళ్ళకి 500 పౌండ్లు ఇస్తామన్నారు.

అపోహ: ఇది కరోనా కాదండీ, టైఫాయిడ్.

2021 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట వినని డాక్టర్ ఉండడు. జ్వరం రాగానే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళడం, ఆయన టైఫాయిడ్‌కని వైడల్ అనే రక్తపరీక్ష రాయడం, అది పాజిటివ్ రావడం, ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకోవడం! వైడల్ చూసేది యాంటీబాడీలనే. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లా, వేయించుకున్న టీకా వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా అవి కనిపించవచ్చు. టైఫాయిడ్ తేలాలంటే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఆ క్రిమి పెరుగుతుందా అని చూసే పరీక్ష, చేయాలి. ఆ చీటీలో అసలు ప్రమాదం ఏమిటంటే, టైఫాయిడ్ దగ్గు ద్వారా అంటదు కాబట్టి ఎవరూ విడిగా ఉండరు, చుట్టాలు పరామర్శకి వస్తారు, వారం తిరిగేసరికి ఇంట్లో అందరికీ జ్వరం, పెద్దాయనకి ఆక్సిజన్ 94 కంటే కిందికి. ఆర్‌ఎంపీలని తిట్టి కూడా ప్రయోజనం లేదు, జనం ముందు వెళ్ళేది వాళ్ళ దగ్గరికే. వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడి, జ్వరం కేసుల్ని టెస్టుకి పంపమని అడిగితే కొందరు నిజంగానే పంపుతారు.

అపోహ: ర్యాపిడ్‌లో నెగెటివ్ వచ్చింది, ఇక తిరగొచ్చు.

ర్యాపిడ్ టెస్టుకి కరోనా ఒక్కోసారి చిక్కదు, అందుకే లక్షణాలుండి ర్యాపిడ్‌లో నెగెటివ్ వస్తే ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ చేయించాల్సిందే. ఆ రిపోర్టు వచ్చేదాకా పెళ్ళికి వెళ్ళొస్తా అంటే కుదరదు. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, మొదలైన తొలి రోజుల్లోనే ఎక్కువగా అంటించేది. ఒళ్ళు వెచ్చబడ్డ రోజే విడిగా ఉండటం మొదలుపెట్టాలి.

అపోహ: ఈ ఇంట్లో కరోనా ఉందని గేటుకి పోస్టర్ అంటిస్తే భయపడి ఇంట్లో ఉంటారు.

ఆ ఇంటివాళ్ళు ఉంటారేమో. పక్కింటివాళ్ళు మాత్రం జన్మలో టెస్టుకి రారు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, విపత్తు చట్టం కింద ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప పోస్టర్లు అంటించొద్దంది. రోజూ ఆశా అమ్మాయి ఫోన్ చేసి "పెద్దమ్మా, ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది, బియ్యం ఉన్నాయా" అని అడిగితే ఇంట్లో ఉండే మనిషి, పోస్టర్ అంటిస్తే దొడ్డిదారిన పోతాడు.

అపోహ: ఒకే గది ఉన్న ఇంట్లో ఐసొలేషన్ కుదరదు.

కష్టమే. 2021లో నల్గొండ జిల్లాలో ఒక కుర్రాడు ఇంట్లో గది లేక చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులు ఉన్నాడు. అందరూ మెచ్చుకున్నారు గానీ, నాకైతే ఊళ్ళో బడి తాళం తీసేవాళ్ళు లేరా అనిపించింది. ఏ దారీ లేకపోతే మంచం వసారాలో వేయండి, కిటికీలు తెరిచి ఉంచండి, ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. గిన్నెల మీద పెట్టే శ్రద్ధ గాలి మీద పెడితే మేలు.

అపోహ: నెగెటివ్ రిపోర్టు తెస్తేనే పనిలోకి.

షాపు ఓనర్లు, అపార్ట్‌మెంట్ కమిటీలవాళ్ళు దయచేసి చదవండి. కోలుకున్నాక కూడా చచ్చిన వైరస్ ముక్కల వల్ల ఆర్టీపీసీఆర్ వారాల తరబడి పాజిటివ్ చూపించవచ్చు. 2021లో కేంద్రం చెప్పింది, లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి కనీసం 10 రోజులు గడిచి, చివరి 3 రోజులు జ్వరం లేకపోతే చాలు, మళ్ళీ టెస్టు అక్కర్లేదని. 2022 జనవరిలో ఆ గడువు పాజిటివ్ తేలిన రోజు నుంచి 7 రోజులైంది. మీరు రిపోర్టు కోసం పట్టుబడితే పనిమనిషి నేర్చుకునేది ఒకటే: ఈసారి జ్వరమొస్తే ఒక డోలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మీ వంటింట్లోకే రావడం.