ఆన్‌లైన్‌ నుంచి లైవ్ పోకర్ టేబుల్‌కి: అపోహలు - వాస్తవాలు

పణజిలో మాండవి నది మీద లంగరేసి ఉండే కాసినో ఓడల్లో ఒకదాంట్లో నా ఉద్యోగం. మొదట పోకర్ డీలర్‌గా ముక్కలు పంచాను, ఇప్పుడు టోర్నమెంట్ ఫ్లోర్ చూస్తున్నాను, అంటే టేబుళ్ల దగ్గర గొడవొస్తే తీర్పు చెప్పేది నేనే. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చాక డబ్బు పెట్టి ఆడే యాప్‌లు మూతబడ్డాయి. అప్పటిదాకా ఫోన్‌లోనే ఆడినవాళ్లు ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని ఆడే లైవ్ టోర్నమెంట్ల గురించి ఆరా తీస్తున్నారు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ ఆడిన మనవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆట బాగానే వచ్చు. కానీ భయపడాల్సినవాటిని వదిలేసి, భయపడక్కర్లేని వాటికి టెన్షన్ పడతారు.

అపోహ: మొహం చూసి నా ముక్కలేంటో చెప్పేస్తారు

అందుకే నల్లకళ్లద్దాలు, తల మీద హుడీ. నిజానికి మొహం దాచుకోవడం అందరికీ తెలిసిన విద్యే. 2013లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పోకర్‌లో పెద్ద పోటీ అయిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ వీడియో క్లిప్పులు మామూలు జనానికి చూపించి, ఆటగాడి చేతిలో ఎంత మంచి ముక్కలున్నాయో అంచనా వేయమన్నారు. మొహం మాత్రమే చూసినవాళ్ల అంచనాలు బొమ్మా బొరుసా వేసినదానికంటే మెరుగ్గా లేవు. చిప్స్ (పందెం బిళ్లలు) తోసే చేతుల్ని మాత్రమే చూసినవాళ్లు అంతకంటే బాగా పట్టుకున్నారు.

మేం రోజూ చూసేదీ అదే. తన వంతు రాకముందే ముక్కలు వేళ్ల మధ్య ఇరికించుకుని విసరడానికి సిద్ధంగా ఉన్నవాడు ఫోల్డ్ చేస్తాడు, అంటే ఆ ఆట వదిలేస్తాడు. ముందే చిప్స్ లెక్కపెట్టి పట్టుకున్నవాడు రైజ్ చేస్తాడు, అంటే పందెం పెంచుతాడు. మీకు ఎడమవైపు ఇద్దరు ఫోల్డ్ చేయబోతున్నారని ముందే తెలిస్తే అంతకంటే ఏం కావాలి? ఆన్‌లైన్ నుంచి వచ్చినవాళ్లకి ఇది కనబడదు, ఎందుకంటే ముక్కలు పడగానే సొంత ముక్కలు చూసుకుంటూ కూర్చుంటారు. మీ వంతు వచ్చినప్పుడే చూసుకోండి. అప్పటిదాకా టేబుల్ చూడండి.

అపోహ: లైవ్‌లో ఆట నిదానం, మంచి ముక్కలొచ్చేదాకా ఓపిక పట్టొచ్చు

దీన్ని నమ్మి బయటికి వెళ్లినంతమంది ఇంకే కారణంతోనూ వెళ్లరేమో. బ్లైండ్స్ అంటే ఇద్దరు ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందేలు, లెవెల్ మారినప్పుడల్లా అవి పెరుగుతాయి. లెవెల్‌కి అరగంట అని చూసి సంబరపడతారు. కాస్త లెక్క వేయండి. లైవ్ టేబుల్‌లో గంటకు పాతిక, మహా అయితే ముప్పై హ్యాండ్స్ (ఒక్కో పంపకం ఒక హ్యాండ్) పడతాయి. అంటే ఒక లెవెల్లో 12 నుంచి 15. ఆన్‌లైన్‌లో పది నిమిషాల లెవెల్లో ఒక టేబుల్‌ మీద చూసే హ్యాండ్స్ కూడా ఇంచుమించు అన్నే. గడియారం నిదానంగా నడుస్తుంది కానీ బ్లైండ్స్ నిదానంగా పెరగవు.

ఇప్పుడు జాకీల జత, అంతకు మించిన జతలు, ఆసు-రాజు మాత్రమే ఆడతానని కూర్చున్నారనుకోండి. చేతికొచ్చే రెండు ముక్కల కూర్పులు మొత్తం 1,326. వాటిలో ఇవి 40. సగటున 33 హ్యాండ్స్‌కి ఒకసారి వస్తాయి. గంట దాటిపోతుంది, ఈలోగా బ్లైండ్స్ రెండుసార్లు పెరుగుతాయి. ఆన్‌లైన్‌లో నాలుగు టేబుళ్లు తెరుచుకుని ఆడినవాళ్లకి మంచి ముక్కలు వస్తూనే ఉన్నట్టు అనిపించేది. ఇక్కడ ఉన్నది ఒక్క టేబుల్. బటన్ (చివర్లో ఆడేవాడి ముందుండే గుర్తు) దగ్గర కూర్చుని ఎలాంటి ముక్కలతోనైనా రైజ్ చేసి బ్లైండ్స్ లాగగలిగే ధైర్యం లేకపోతే చిప్స్ కరిగిపోతాయి. ప్రతి హ్యాండ్‌కీ అదనంగా వేయాల్సిన యాంటీ మొదలయ్యాక ఇంకా తొందరగా.

అపోహ: డీలర్ ఉన్నాడుగా, అన్నీ ఆయనే చూసుకుంటాడు

యాప్‌లో తప్పు బటన్ అసలు వెలగదు. టేబుల్ మీద మీ చెయ్యే బటన్.

తరచూ జరిగేది ఒకటి చెప్తాను. బ్లైండ్స్ 500-1,000. కుర్రాడు 2,500కి రైజ్ చేద్దామనుకున్నాడు. ఏమీ అనకుండా 5,000 చిప్ ఒకటి ముందుకు వేశాడు. ఆ తర్వాత "రైజ్" అన్నాడు. చెల్లదు. మాట లేకుండా ఒకే పెద్ద చిప్ వేస్తే అది కాల్ (ఉన్న పందేనికి సమానంగా వేయడం) కిందే లెక్క, 4,000 వెనక్కి వస్తుంది. ఫ్లోర్‌ని పిలుస్తారు, నేనొస్తాను, నేనూ అదే చెప్తాను. మాట ముందు, చిప్ తర్వాత. ఇది అలవాటైతే సగం గొడవలుండవు.

రమ్మీ ఆడి పెరిగినవాళ్లకి మరో అలవాటు. రెండు ముక్కల్నీ పదమూడు ముక్కల్లాగా ఎత్తి గుండెకి ఆనించుకుంటారు. పోకర్‌లో ముక్కలు టేబుల్ మీదే ఉండాలి. అంచు ఎత్తి చూసుకుని, పైన ఒక చిప్ పెట్టండి. కాపలా లేని ముక్కల్ని డీలర్ పొరపాటున లాగేస్తే తిరిగి రావు.

పాట్ (మధ్యలో పోగైన పందెం) ఎంతని అడిగితే నో-లిమిట్‌లో, అంటే పందేనికి పరిమితి లేని ఆటలో, డీలర్ లెక్క చెప్పడు. కావాలంటే చిప్స్ పరిచి చూపిస్తాడు, లెక్క మీరే కట్టుకోవాలి. ఎదుటివాడి చిప్స్ కచ్చితమైన లెక్క అడగాలంటే వాడు ఆల్-ఇన్ చేసి (ఉన్న చిప్స్ అన్నీ పెట్టి) మీరు నిర్ణయం తీసుకోవాల్సి ఉండాలి. మిగతా వేళల్లో కంటి అంచనాయే. అందుకే ఏ రంగు ఎంతో మొదటి పది నిమిషాల్లోనే బుర్రకెక్కించుకోండి. ఇంకోటి, హ్యాండ్ నడుస్తుండగా ఇద్దరు మనవాళ్లు తెలుగులో ముచ్చట్లు పెడితే హెచ్చరించక తప్పదు. మీరు మాట్లాడేది బిర్యానీ గురించేనని నాకు తెలుసు, పక్కవాడికి తెలియదు.

అపోహ: డీలర్ తల్చుకుంటే ముక్కలు మార్చేస్తాడు

టోర్నమెంట్లో కాసినోకి వచ్చేది ఎంట్రీ ఫీజు. ఎవరు గెలిచినా దానికి ఒకటే. పైగా తలమీద కెమెరాలుంటాయి.

అపోహ: లైవ్ ఆటగాళ్లకి ఆట రాదు, మొదటిసారే కొట్టేయొచ్చు

ఈ మాట రాగానే క్రిస్ మనీమేకర్ పేరు తీస్తారు. 2003లో టెనెస్సీ అకౌంటెంట్ ఒకడు ఆన్‌లైన్‌లో 86 డాలర్ల శాటిలైట్ (పెద్ద టోర్నమెంట్‌లో సీటు ఇచ్చే చిన్న పోటీ) గెలిచి, మొట్టమొదటి లైవ్ టోర్నమెంట్‌గా వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ ఆడి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయిన మాట నిజమే. ఆ ఏడాది ఆడినవాళ్లు 839 మంది. మిగతా 838 మంది పేర్లు చెప్పమనండి.

లైవ్‌లో కొందరు వదులుగా ఆడతారు, ఒప్పుకుంటాను. అయితే మీ పైచేయి లెక్కలోకి రావాలంటే టోర్నమెంట్లు చాలా పడాలి. ఆన్‌లైన్‌లో ఒక నెలలో ఆడేసినన్ని ఇక్కడ ఏళ్ల తరబడి ఆడినా కావు. మామూలుగా బహుమతి అందేది పది పదిహేను శాతం మందికే. పోయినా ఇంట్లో అప్పు పుట్టని డబ్బుతోనే బై-ఇన్ (టోర్నమెంట్లో చేరడానికి కట్టే డబ్బు) కట్టండి. విమానం టికెట్, గది అద్దె కూడా బై-ఇన్‌లో భాగమే అనుకోండి.

అపోహ: పోకర్ నైపుణ్యం ఆటని సుప్రీంకోర్టే చెప్పింది, హైదరాబాద్‌లోనే ఆడుకోవచ్చు

ఆ తీర్పు 1967 నాటిది, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద కేసు. కోర్టు నైపుణ్యం ఆట అన్నది రమ్మీని. మూడు ముక్కలాటని పూర్తిగా అదృష్టమంది. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి డబ్బాటల్ని బిగించాయి. గోవా దారి వేరు. 1976 చట్టానికి 1992లో, 1996లో చేసిన సవరణల వల్ల హోటళ్లలోనూ ఓడల్లోనూ కాసినోలకి లైసెన్సులొచ్చాయి. 21 ఏళ్లు నిండనివాళ్లని లోపలికి రానివ్వం.

అపోహ: గెలిచిందంతా మనదే

10,000 రూపాయలు దాటిన గెలుపు మీద 30 శాతం టీడీఎస్ కోసుకునే ఇస్తారు. ఓడిపోయిన టోర్నమెంట్ల బై-ఇన్‌లని ఇందులోంచి తీసేసుకుంటానంటే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఖర్చులూ తీసేసుకోనివ్వదు. బహుమతి వస్తే కౌంటర్లో పాన్ కార్డు అడుగుతారు, వెంట ఉంచుకోండి. ఒక స్వెట్టర్ కూడా తెచ్చుకోండి, ఏసీ మా చేతిలో ఉండదు.