గోచర్‌లో టవర్ వేస్తుంటే అడగడానికి మనమెవరం? లైన్ అభ్యంతరాలపై అపోహలు - వాస్తవాలు

రాయి మీద ఎర్ర రంగుతో 'ఏపీ 14' అని రాసింది నేనే. కరెంటు లైన్ మలుపు తిరిగే చోటుని సర్వేలో యాంగిల్ పాయింట్ అంటాం, పొట్టిగా ఏపీ. మర్నాడు వెళ్ళేసరికి ఊరు ఊరంతా ఆ రాయి చుట్టూ ఉంది. ఆంధ్రా వాళ్ళు రాత్రికి రాత్రి హద్దు రాయి పాతేశారని గొడవ. ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అంటున్న కొటియా ఊళ్ళ తగాదా ఇంకా తేలని కొరాపుట్ జిల్లాలో ఆ రెండక్షరాలు రాయడం నా తెలివితక్కువతనమే. ఒక ముసలాయన మాత్రం నెమ్మదిగా అడిగాడు, "హద్దు కాదంటన్నావు, మరేటి బాబూ ఇది?" టవర్ వస్తుందన్నాను. నవ్వేశాడు. "గోచర్లో టవరేటి? ఆవులు మేసే సోటది."

అప్పట్లో నేను కాంట్రాక్టర్ల దగ్గర రూట్ సర్వే చేసేవాణ్ణి. ఇప్పుడు రాయగడలో ఉంటూ, లైన్ వస్తున్న ఊళ్ళకి మ్యాపులు చదివి పెడుతున్నాను, అర్జీలు రాసి పెడుతున్నాను. రెండు పక్షాలా పనిచేశాను కాబట్టి ఎవరి అపోహలు ఏమిటో బాగానే తెలుసు.

అపోహ: గోచర్ సర్కారు భూమి, దాని మీద అభ్యంతరం చెప్పే హక్కు మనకి లేదు.

ముందు లోపలి మాట ఒకటి చెప్తాను. రూట్ గీసేటప్పుడు పట్టా భూమి మీంచి వెళ్తే పదిమంది రైతులతో పది గొడవలు. అదే గోచర్ మీంచో, చెరువు గట్టు పక్కనుంచో, శ్మశానం అంచునుంచో తీసుకెళ్తే అడ్డుపడేవాడు ఉండడు. అందుకే మా గీత అటు వంగేది. అందరిదీ అయిన భూమికి యజమాని అంటూ ఒకడు ఎదురురాడు కాబట్టే అది మాకు సుళువు.

నిజానికి అడగొచ్చు. పెద్ద కరెంటు లైన్లకి కూడా వాడే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో పదో సెక్షన్ ప్రకారం, స్థానిక సంస్థకి చెందిన లేదా దాని అధీనంలో ఉన్న ఆస్తిలో ఆ సంస్థ అనుమతి లేకుండా స్తంభం పాతకూడదు. పన్నెండో సెక్షన్ ఆ అనుమతికి షరతులు పెట్టుకోనిస్తుంది. పని ఏ సమయంలో, ఏ పద్ధతిలో చేయాలి, ఖర్చులు ఎవరు భరించాలి అన్నవి. కాబట్టి మొదట చూడాల్సింది ఆ ప్లాటు కాగితం. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఆర్‌ఓఆర్, అంటే హక్కుల పత్రం తీసి, 'కిసం' (భూమి రకం) అన్న చోట గోచర్ అని ఉందా, గ్రామ్య జంగల్ (ఊరి అడవి) అని ఉందా, భూమి ఎవరి అధీనంలో ఉందో చదవండి. పంచాయతీ అధీనంలో ఉంటే బంతి మీ కోర్టులోనే ఉంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నష్టానికి పూర్తి పరిహారం 'సంబంధమున్న వాళ్ళందరికీ' ఇవ్వాలని అదే పదో సెక్షన్ చెబుతుంది. పట్టాదారుకి మాత్రమే అని కాదు. కానీ స్థానిక సంస్థ ఆస్తిని ఆ వాక్యంలోంచి మినహాయించారు. అంటే పంచాయతీ భూమి విషయంలో ముందు సరేనని తరవాత పరిహారం అడుగుదామంటే కుదరదు. పశువుల దారి వదలాలి, బోరు దగ్గర గుంత తవ్వకూడదు, తవ్విన మట్టి చెరువులో పోయకూడదు, ఏది కావాలన్నా అనుమతి తీర్మానంలోనే రాయాలి. "అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క టైపు చేసి తెచ్చిన కాగితం మీద సర్పంచ్ ముద్ర వేస్తే అక్కడితో సరి.

అపోహ: నియమగిరి కొండల్లో గ్రామసభలు బాక్సైట్ గని ఆపేశాయి. మనమూ తీర్మానం చేస్తే టవర్ ఆగుతుంది.

రాయగడలో ఈ మాట వినని వారం ఉండదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 ఊళ్ళలో గ్రామసభలు జరిగాయి, పన్నెండూ గని వద్దన్నాయి. అది నిజం. అయితే అది గని. అదే ఏడాది ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ ఒక ఉత్తరం ఇచ్చింది. రోడ్లు, కాలవలు, పైపులైన్లు, ట్రాన్స్‌మిషన్ లైన్ల వంటి పొడుగాటి పనులకి అటవీ భూమి ఇచ్చేటప్పుడు గ్రామసభ సమ్మతి అక్కర్లేదని. ఒక మినహాయింపు మాత్రం ఉంది: ఆదిమ తెగల గుర్తింపు పొందిన హక్కులు దెబ్బతినే చోట ఈ సడలింపు వర్తించదు.

మన జిల్లాల్లో ఇది చిన్న సంగతి కాదు. డొంగ్రియా కొంధులు, లాంజియా సవరలు, మల్కనగిరి వైపు బొండాలు, దిదాయిలు అందరూ ఆ జాబితాలో ఉన్నవాళ్ళే. మీ కొండ మీద వాళ్ళకి అటవీ హక్కుల పత్రం ఉంటే అర్జీ మొదటి వాక్యంలో అదే రాయండి, పత్రం నకలు జత చేయండి. పర్యావరణం, సంస్కృతి అంటూ రెండు పేజీలు రాసి ఈ ముక్క చివర్లో పెట్టిన అర్జీలు చాలా చూశాను. చదివేవాళ్ళు చివరిదాకా రారు.

అపోహ: నేను సంతకం పెట్టకపోతే లైన్ వేయలేరు.

ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. 11 కేవీ, 33 కేవీ లాంటి మామూలు పంపిణీ లైన్లకి 2006 నాటి నిబంధనల ప్రకారం యజమాని సమ్మతి కావాలి, ఆయన కాదంటే కలెక్టర్ తేలుస్తారు. పెద్ద లైన్ల వాళ్ళు మాత్రం 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ కింద టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు తెచ్చుకుంటారు. అవి ఉంటే ముందస్తు సమ్మతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. అడ్డుకుంటే కలెక్టర్ దగ్గర్నుంచి ఉత్తర్వు వస్తుంది, పోలీసులు వస్తారు. అందుకే గట్టు మీద నిలబడి అరవడానికి ముందు ఒక్క మాట అడగండి: 164 ఉత్తర్వు ఉందా, నకలు ఇవ్వండి. ఎన్నోసార్లు సైటు మీదున్న కుర్రాడి దగ్గర అది ఉండదు. చేతిలో ఉండకపోవడం వేరు, అసలు ఉత్తర్వే రాకపోవడం వేరనుకోండి.

టెలిగ్రాఫ్ చట్టం రద్దయిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చిన మాట నిజమే. కానీ కరెంటు లైన్ల కోసం పాత చట్టంలోని మూడో భాగాన్ని అలాగే ఉంచారు.

అపోహ: జనశుణాణి (బహిరంగ విచారణ) పెట్టకుండా పని మొదలుపెట్టకూడదు.

గనికి, ఫ్యాక్టరీకి పెట్టే జనశుణాణి 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద జరుగుతుంది. ఆ జాబితాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. టెంట్లు వేసి మైకు పెడతారని ఎదురుచూస్తే రారు. లైన్ కబురు పేపర్లో నోటీసుగా వస్తుంది, లైన్ వెళ్ళే ఊళ్ళ పేర్లతో, అభ్యంతరాలకి సాధారణంగా రెండు నెలల గడువుతో. ఆ నోటీసు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటుంది. గుణుపురం, పర్లాకిమిడి వైపు మన పెద్దవాళ్ళకి ఒడియా మాట్లాడటం నీళ్ళప్రాయం, చదవమంటే ఇబ్బంది. ఇంట్లో బడికెళ్ళే పిల్లలతో చదివించండి. అటవీ భూమి ఉంటే, పర్యావరణ, అటవీ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు కూడా కనిపిస్తుంది. వేరే మార్గాలు పరిశీలించారా అన్న ప్రశ్నకి కంపెనీ ఏం రాసిందో అక్కడ చూడొచ్చు.

అపోహ: లైన్ కింద ఉంటే క్యాన్సర్ వస్తుంది. చూశారా, ట్యూబ్‌లైట్ దానంతటదే వెలుగుతోంది!

ట్యూబ్‌లైట్ వెలగడం నిజం. 400 కేవీ తీగ కింద చీకట్లో చేత్తో పట్టుకుంటే మినుకుమంటుంది, నేనే పిల్లలకి చూపించాను. అది విద్యుత్ క్షేత్రం పని. ముళ్ళకంచె, రేకుల కప్పు ముట్టుకుంటే చిన్నగా చురుక్కుమనేది కూడా అందుకే. దానికి మందు ఎర్తింగ్. కంచెకీ రేకులకీ కంపెనీ ఖర్చుతో ఎర్తింగ్ చేయించమని అర్జీలో అడగండి, ఇది న్యాయమైన కోరిక. పొగమంచు రోజుల్లో తీగలు జుయ్యిమని మోగుతాయి, అదీ నిజమే.

క్యాన్సర్ సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2002లో ఈ అయస్కాంత క్షేత్రాలని 'బహుశా కావచ్చు' అనే 2బి వర్గంలో పెట్టింది. పిల్లల్లో లుకేమియాతో బలహీనమైన సంబంధం కనిపించింది, కారణం ఇదే అని తేలలేదు. అదే వర్గంలో ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరలు కూడా ఉన్నాయి. మన ఆవకాయ కాదు లెండి. ఏమీ లేదని కంపెనీ ఇంజనీరు కొట్టిపారేయడం తప్పు, ఊరంతా చచ్చిపోతుందని మనం రాయడమూ తప్పే. అలా రాసిన అర్జీలో మిగతా పది నిజాలు కూడా కొట్టుకుపోతాయి. దానికి బదులు లెక్క అడగండి: 400 కేవీ లైన్‌కి కారిడార్, అంటే తీగల వెంట వదిలే పట్టీ వెడల్పు, 46 మీటర్లు, 220కి 35, 132కి 27. మా బడి గోడ మధ్య గీత నుంచి ఎన్ని మీటర్లలో ఉంది? టేపు పట్టుకుని కొలవండి.

అపోహ: పరిహారం తీసుకుంటే భూమి పోయినట్టే.

పోదు. చట్టం ఇచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, పట్టా మీదే. తీగల కింద పత్తి వేసుకోవచ్చు, నీలగిరి తోట మాత్రం వద్దు, ఇల్లు కట్టకూడదు. కేంద్ర విద్యుత్ శాఖ 2015లో టవర్ కాళ్ళ మధ్య భూమికి విలువలో 85 శాతం అంది, 2024 జూన్‌లో దాన్ని 200 శాతం చేసి, తీగల కింద కారిడార్‌కి 30 శాతం అంది. ఇవి మార్గదర్శకాలే. మీ లైన్‌కి ఏది అమలవుతుందో కలెక్టర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. మొత్తం చాలదనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళొచ్చు.

అపోహ, ఇది కంపెనీ వైపుది: ఈ లైన్ వస్తే మీ ఊళ్ళో కరెంటు పోదు.

నేనూ చెప్పాను ఈ మాట, ఒప్పుకుంటున్నాను. 400 కేవీ తీగలోంచి ఊరికి కొక్కెం వేసుకోలేం. సబ్‌స్టేషన్‌లో 132కి, 33కి, 11కి దిగాలి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు తీస్తోంది, ఆ తీగల కింద లాంతరుతో బతికిన ఊళ్ళు ఎన్నో.

ఇక టవర్ జరపమని అడగడం. దీంట్లో చిన్న కిటుకు ఉంది. తిన్నగా పోయే లైన్‌లోని టవర్‌ని ముందుకో వెనక్కో జరపడం తేలిక, 400 కేవీలో టవర్‌కీ టవర్‌కీ మధ్య దాదాపు 400 మీటర్లు ఉంటుంది కాబట్టి సర్దుకోవచ్చు. పక్కకి జరపమంటే అది మలుపు టవర్ అవుతుంది, బరువూ ఖర్చూ పెరుగుతాయి, వెనకటి ఏపీ నుంచి గీత మళ్ళీ గీయాలి. "ప్లాటు 212లో కాకుండా లైన్ వెంటే 60 మీటర్లు తూర్పుకి" అని రాస్తే ఇంజనీరు స్కేలు తీస్తాడు. "మా ఊళ్ళో వద్దు" అని రాస్తే ఫైలు మూస్తాడు. పునాది గుంత తవ్వకముందే ఈ మాటలన్నీ. తరవాత మిగిలేది పరిహారం బేరమే.

ఏపీ 14 దగ్గర ఊరివాళ్ళు అర్జీ పెట్టకపోలేదు. నేను ఎంత చెప్పినా నమ్మక, ఎనభై వేలిముద్రలతో ఆంధ్రా హద్దు రాయి మీద పెట్టారు. నాలుగు నెలలకి ఒక ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: హద్దు మారలేదు, అభ్యంతరం నిరాధారం. అప్పటికి గోచర్‌లో నాలుగు గుంతలూ తవ్వేశారు, ఒకదాంట్లో దూడ పడింది.